గుర్రమెక్కిన మాట

బర్మింగ్‌హామ్ మార్కెట్ నడిమధ్యలో రిషిత చెప్పు తెగింది.

"అదిగో, అక్కడ చెప్పులు బాగుచేసే కొట్టుంది. పద వదినా!"

ఇంకా వదిన కాలేదు లెండి. రిషిత అన్న మనీష్‌తో సుగుణకుమారికి వచ్చే నెలలో నిశ్చితార్థం.

"అక్కడొద్దు. కొత్తవి కొనిస్తాగా," అంది సుగుణ.

ఆ పిల్ల వింటేగా! కుంటుకుంటూ వెళ్లనే వెళ్లింది. సుగుణ వెనకే అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టానని వాళ్లకు చెప్పలేదు మరి.

కొట్టు ఒక జర్మన్ ముసలాయనది. పేరు షూస్టర్. పక్కన పీట మీద తెలుగు పెద్దాయన ఒకాయన, కాలక్షేపానికి వచ్చి కూర్చున్నాడు. తెగిన చెప్పు చూడగానే చెయ్యి చాచాడు.

"షూస్టరంటేనే చెప్పులు కుట్టేవాడు," షూస్టర్ నవ్వాడు. "మీ ఇంగ్లీషు షూ, నా పేరులో షూ అన్నదమ్ములు. ఇంకో తమాషా వినండి. మా జర్మన్‌లో క్నెఖ్ట్ అంటే పాలేరు. ఆ మాటే ఇంగ్లీషులో నైట్, అంటే రాజుగారి వీరుడు. సముద్రం ఇవతల కత్తి కట్టి గుర్రమెక్కేసింది. పాత సంగతి ఎవరికి గుర్తుంది?"

రిషిత పగలబడి నవ్వింది. "మీ నాన్నగారు బతికుంటే భలే ముచ్చటపడేవారు కదా వదినా? హెడ్మాస్టరుగారాయె!"

సుగుణ తల వంచుకుంది. నాన్నకు ఆ ఉద్యోగం వేయించింది తన నోటిమాటే.

పెద్దాయన కుట్టు మీంచి చూపు ఎత్తలేదు.

"ఏ ఊరంకుల్ మీది? పిల్లల దగ్గరికొచ్చారా?" అడిగింది రిషిత.

ఆయన దారం పంటితో తెంపాడు. "బాపట్ల పక్కనమ్మా. నాకు పిల్లల్లేరు. తెలిసినవాళ్లింట్లో ఉంటున్నా."

"అయ్యో పాపం," అంది రిషిత.

చెప్పు ఆమె చేతికిచ్చి, ఆయన సుగుణ కాళ్లకేసి చూశాడు. "మీదీ ఇవ్వండమ్మా. మడమ ఒకపక్కకి అరిగిపోయింది. జారి పడతారు."

"వద్దు..." సుగుణ కాళ్లు వెనక్కి లాక్కుంది. "వద్దంకుల్."

అక్కణ్నుంచి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలీదు. దారి పొడుగునా రిషిత ఆ దిక్కులేని మనిషి గురించే మాట్లాడింది.

సాయంత్రం సుగుణ తన ఫ్లాట్ బెల్ కొట్టగానే నాన్న వచ్చి తలుపు తీసి, "సరిగ్గానే చెప్పానా తల్లీ?" అన్నాడు.