రెండు సిలువల పాస్కువలీనా

కూరల బండి మీది ఆఖరి అసెల్గా ఆకు కట్ట ఎర్సీలియా సంచిలో పడింది. ఇర్మా చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"సగమైనా ఇవ్వండి ఎర్సీలియాగారూ."

"ఫాదరుగారి భోజనంలో వాటా అడుగుతున్నావా, అదీ గుడ్‌ఫ్రైడే నాడు?"

ఎర్సీలియా ఫాదరుగారి చెల్లెలు. ఆయనకు వండిపెట్టేది ఆవిడే. గుడ్‌ఫ్రైడేకి ఆ ఊళ్ళో అందరిళ్ళల్లోనూ పాస్కువలీనాయే, రెండు పిండి రేకుల మధ్య ఆకూ గుడ్లూ పెట్టి కాల్చేది.

"పెందలాడే లేవాలి పిల్లా. ఆకు లేకపోతే అది పాస్కువలీనా ఏమిటి? మా ఇంట్లో ఇవాళ ఆకు, గుడ్లు, ఉప్పు. అంతే. నాలుక్కి సుఖం తగలకూడదు."

ఆవిడ వెళ్ళిపోయింది. కూరలవాడు బండి మీద మిగిలినదాన్ని చూపించాడు.

"గుమ్మడికాయ ఉందమ్మా."

ఇర్మా గుమ్మడికాయ తీసుకుంది.

అత్తగారు కసిల్డా ముందురోజే మాట చెప్పేసింది. "రేపు పాస్కువలీనా నువ్వు చెయ్యి. కుదిరితే వంటిల్లు నీది. కుదరకపోతే గరిటె మళ్ళీ నాకిచ్చెయ్." పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వంటింట్లో ఇర్మా ఉల్లిపాయలు తరగడం దాటి ముందుకు పోలేదు.

అత్తగారు సిలువ మార్గానికని చర్చికి పోయింది. ఇర్మా గుమ్మడికాయ ఉడికించి మెదిపింది. ఉల్లిపాయలు వేయించి కలిపింది. రుచి చూసింది. తియ్యగా ఉంది. జాజికాయ గీరి వేసింది. ఇంకా తియ్యగానే ఉంది. మిరియాలు వేసింది. ఈసారి తియ్యగా, కారంగా ఉంది.

మొగుడు ఫెర్మీన్ గొట్టంతో మాతే కషాయం పీల్చుకుంటూ వచ్చి వేలితో తీసి నాకాడు.

"ఎలా ఉంది?"

"పంటినొప్పి ఉన్నవాళ్ళకి బాగుంటుంది."

"మీ అమ్మకో?"

"అమ్మ పళ్ళు గట్టివి," అని మాతే పట్టుకుని పెరట్లోకి పోయాడు.

దూలానికి పొగబెట్టిన పందిమాంసం ముక్క వేలాడుతోంది. మాంసం ముట్టకూడని రోజులు పోయాక, ఈస్టరుకని దాచింది. గుడ్‌ఫ్రైడే నాడు మాంసం ఊసెత్తినందుకు కసిల్డా ఒకసారి పక్కింటాయన్ని తింటున్న పళ్ళెం ముందునుంచి లేపేసింది.

ఇర్మా దూలం వంక చూసింది. వెళ్ళి తలుపు వేసి వచ్చింది. మళ్ళీ చూసింది. తర్వాత చిన్న ముక్క కోసి, తరిగి, వేయించి, గుమ్మడిలో కలిపేసింది. రుచి చూసింది.

కుదిరింది.

పళ్ళెంలో పిండి రేకు పరిచి, గుమ్మడి నింపి, గుంటలు చేసి గుడ్లు కొట్టి పోసింది. పైన ఇంకో రేకు కప్పి అంచులు మడిచింది. గుడ్‌ఫ్రైడే నాడు ఆ ఊరి బట్టీలో రొట్టెలు కాల్చరు. ఆ వేడి ఇరుగుపొరుగు పాస్కువలీనాలకి. ఎవరిది ఏదో తెలియడానికి పైన పిండితో తలా ఒక గుర్తు పెట్టుకుంటారు. కసిల్డా ఇంటి గుర్తు గుర్రపు నాడా. ఇర్మా నాడా చెయ్యబోయి ఆగింది. లోపల ఏముందో గుర్తొచ్చింది. సిలువ చేసి అంటించింది. అలాంటిదాని మీద సిలువ ఉంటేనే మంచిదనుకుంది.

బట్టీ దగ్గర రద్దీగా ఉంది. పళ్ళెం బల్ల మీద పెట్టి వచ్చేసింది. మధ్యాహ్నం తెచ్చుకోవడానికి మళ్ళీ వెళ్ళింది.

"నాది ఇవ్వండి వెనాన్సియోగారూ."

"మీ నాడా రాలేదే."

"ఈసారి సిలువ పెట్టాను."

బట్టీ వెనాన్సియో చేతిలో పళ్ళేలు తీసే పార ఆగింది.

"సిలువ ఫాదరుగారింటిది కదమ్మా."

"సిలువ అందరిదీ కాదా?"

"చర్చిలో అందరిదీ. నా బట్టీలో ఫాదరుగారిది." తల గోక్కున్నాడు. "రెండెలా వచ్చాయా అనుకుంటూనే ఉన్నా. ఎర్సీలియా వచ్చి చేతికందింది పట్టుకుపోయింది. ఇదిగో, మిగిలింది ఇది. ఏదైతేనేం, పిండీ గుడ్లేగా."

ఇర్మా దారిపొడుగునా వాసన చూస్తూ వచ్చింది. వేగిన పిండి వాసన తప్ప ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి కసిల్డా కత్తి పట్టుకుని బల్ల ముందు కూర్చుని ఉంది. కోసింది. లోపల ఆకుపచ్చగా ఉంది.

అసెల్గా ఆకు.

ఇర్మా కుర్చీలో కూలబడింది. ఎర్సీలియాది తన ఇంటికొచ్చింది. తనది ఫాదరుగారి పళ్ళెంలో ఉంది. ఆ పాపం సంగతి తర్వాత పాపసంకీర్తనంలో ఒప్పుకుని చూసుకోవచ్చు. ఈ బల్ల మీద మాత్రం ఆకు, గుడ్లు, ఉప్పు. వంటిల్లు దక్కినట్టే.

"గుమ్మడికాయ కదా నువ్వు..." అన్నాడు ఫెర్మీన్.

ఇర్మా బల్ల కింద అతని కాలు తొక్కింది. అతను ముక్క తీసుకుని తినడం మొదలుపెట్టాడు.

కసిల్డా నెమ్మదిగా నమిలింది. ఒకచోట ఆగింది. రెండు వేళ్ళతో నోట్లోంచి ఏదో తీసి పళ్ళెం అంచున పెట్టింది.

గోరంత ముక్క. ఎర్రగా ఉంది. ఒక పక్క కొవ్వు. పందిమాంసం.

ఫెర్మీన్ నమలడం ఆపేశాడు. గుడ్‌ఫ్రైడే కదా, చర్చి గంట కూడా మోగలేదు.

"అత్తయ్యా, అదీ..." అంది ఇర్మా. వెయ్యలేదంటే అబద్ధం. ఆ ముక్క తనదంటే అదీ అబద్ధమే.

కసిల్డా లేచింది. వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది. వచ్చి కూర్చుని, ఆ ముక్క తీసి మళ్ళీ నోట్లో వేసుకుంది.

"వంటిల్లు నీదే. కాని ఇంకా సన్నగా తరగాలి పిల్లా. ముప్ఫై ఏళ్ళలో నా పాస్కువలీనాలో ముక్క ఒక్కళ్ళకీ దొరకలేదు."