ఒకటో రకం ఇంగువ

సుజాత కొత్త డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూసింది.

అంగడి ముందు నిలబడిన ముసలాయన ఆమెనే గమనిస్తున్నాడు. పచ్చి ఇంగువ డబ్బా తెరిస్తే ఎంత ఆరితేరినవాళ్ళయినా మొహం పక్కకు తిప్పుకుంటారు. సుజాత తిప్పుకోలేదు.

ఆయన ఒకటో రకం అడిగాడు. ఇచ్చింది. కొంచెం చిదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది రెండో రకం బిడ్డా. మైదా ఎక్కువైంది."

కొనకుండానే వెళ్ళిపోయాడు.

ప్రొద్దుటూరులో ఆ అంగడి సుజాత మామ పెట్టింది. ఆయన పోయాక ఆమే నడుపుతోంది. ఉత్తరాది నుంచి వచ్చే పచ్చి ఇంగువ ఒక్కో లోడు ఒక్కో ఘాటులో ఉంటుంది. ఆ ఘాటును ముక్కుతో పసిగట్టి, దానికి తగినంత జిగురూ మైదా కలిపి ముద్దలు చేయాలి. కలిపింది తక్కువైతే ఒకటో రకం, పచ్చళ్ళకు పోతుంది. రెండోది ఇళ్ళలో పోపుకు. మూడోది హోటళ్ళకు. ఏది ఏదో చెప్పాల్సింది ముక్కే.

పోయినేడు సుజాతకు జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని కూడా వెంట తీసుకుపోయింది.

ఇంగువ కట్టిన గుడ్డకు వాసన పోదంటారు. ఆ ఇల్లంతా అలాంటి గుడ్డే. అందులో ఉంటూ ఆమెకు ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి బడిపంతులైన భర్తకు కూడా చెప్పలేదు. ముక్కు పనిచేయని మనిషి దగ్గర ఇంగువ ఎవరు కొంటారు? పాత కొలతల ప్రకారమే కలుపుతూ, భారం దేవుడి మీద వేసింది.

వేంపల్లెలో పచ్చళ్ళు పెట్టి ఊరూరా పంపే నిర్మలమ్మ వల్లే ఆ అంగడి నిలబడింది. ముసలాయన రావడానికి ముందురోజే ఆమె వచ్చి కూర్చుంది.

"ఈ తూరి ఆవకాయలో ఇంగువ వాసనే లేదు సుజాతా. మీ మామ మొగం చూసి ఊరుకుంటాండా. ఇంగో తూరి ఇట్లయితే నా దోవ నేను చూసుకుంటా."

అందుకే ముసలాయన మాట సుజాతకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన కనుమరుగవగానే మైదా తగ్గించి మళ్ళీ కలిపింది. ఆ సరుకు తీసుకున్న నిర్మలమ్మ, ఇప్పుడు బాగుందని కబురు పంపింది.

అప్పటి నుంచి లోడు దిగితే చాలు, ముసలాయన ప్రత్యక్షం. కొనడు, వంకలు మాత్రం పెడతాడు. ఇది మూడో రకం, ఇళ్ళకెట్లా అమ్ముతావంటాడు. ఇంత మంచి సరుకు హోటళ్ళకు పంపడం దండగంటాడు.

"నచ్చకుంటే ఇంగో అంగడికి పో పెద్దాయనా," అని ఒకసారి విసుక్కుంది.

"పోతాలే," అని నవ్వాడు. తర్వాతి లోడుకు మళ్ళీ వచ్చాడు.

పైకి ఎంత పోట్లాడినా, ఆయన అటు వెళ్ళగానే సుజాత ఇటు డబ్బాలు మార్చేది. రానురాను ఆయన కోసం బయట ఒక స్టూలు వేసి, టీ కూడా తెప్పించేది. పేరు మాత్రం అడగలేదు.

ఆవకాయల కాలం వచ్చింది. లోడు దిగింది. ముసలాయన రాలేదు.

నిర్మలమ్మ సరుకు కోసం తొందరపెడుతోంది. సుజాత గుడ్డిగా కలిపింది. కలిపినదాన్ని పంపడానికి ధైర్యం చాలలేదు. ఆటోవాళ్ళను అడిగితే, ఆయన జమ్మలమడుగు నుంచి వచ్చే రహీం తాత అన్నారు. ముద్ద ఒకటి చిన్న డబ్బాలో పెట్టుకుని అప్పుడే ఆటో ఎక్కింది.

ఇంట్లో ఆయన భార్య మాబున్ని ఒక్కతే ఉంది. రహీం పోయి ఇంకా నెల కూడా కాలేదు.

సుజాత తాను ప్రొద్దుటూరు నుంచి వచ్చానని మాత్రం చెప్పగలిగింది.

"సుజాతవా? నీ ముక్కు పోయిందని ఆయన మొదటి దినమే కనిపెట్టినాడు. బయటికి చెప్తే ఆ పాప బతుకు పోతాదని, నాకు తప్ప ఎవురికీ చెప్పలా."

సుజాత తల వంచుకుని డబ్బా ముందుకు జరిపింది. మాబున్ని మూత తీసింది, చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత కొంచెం చిదిమి, నిదానంగా వాసన చూసింది.

"ఒకటో రకమే బిడ్డా. భయపడాకు, పంపిచ్చు."

సుజాత ఏడుపు ఆపుకోలేకపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఇంగువ సంగతి ఆమెకెలా తెలుసని అడిగింది.

"మాదీ ఇంగువ అంగడే గదా," అంది మాబున్ని. "ఆ పచ్చళ్ళ నిర్మలమ్మ పోయినేడు మాకాడికి వచ్చి సరుకు అడిగింటే, ప్రొద్దుటూరు సుజాతది మా దానికన్నా మంచిదని చెప్పి ఎనక్కి పంపినాడు, ఆ మాట నిజం చెయ్యాలని మర్నాడే నీ అంగడికి వచ్చినాడు."