వంటింటి వైపు చెవి

"బాబాయ్, నెల్లాళ్లయినా, మార్చుకోమని ఇచ్చిన కొత్త బ్యాటరీల మీద స్టిక్కర్లే పీకలేదు! మిషను చెవిలో పెట్టుకోమన్నానా, డబ్బాలో దాచుకోమన్నానా?" ముసలి అపెనిసా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది మెరెయోనీ.

సముద్రపొడ్డున ఉన్న లెవుకా ఊరి చర్చి హాల్లో ప్రతి గురువారం చెవి మిషన్లు తుడిచి బాగుచేయడం ఆమె ఊరికే చేసే సేవ. పదిమందిని బతిమాలి ఈ ముసలాయనకి మిషను ఇప్పించిందీ ఆమే.

"ఒక్కపూట పెట్టుకున్నానమ్మా. ఇంకెవరికైనా ఇచ్చెయ్."

"ఏం, వినపడలేదా?"

"ఎందుకు వినపడలేదూ! సముద్రం, రేకుల మీద వాన, పక్కింటి కోడి... అన్నీ వినపడ్డాయి."

"మరేంటి నీ బాధ?"

అపెనిసా డబ్బాని ఆమె వైపు జరిపాడు.

"మీ పిన్ని పోయి ఏడాదైందా? నాకు చెవుడొచ్చాక కూడా వంటింట్లో కర్రపెండలం చెక్కుతూ ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. నాకు ఒక్క ముక్కా వినపడేది కాదు. పోయాక కూడా, అది వాగుతూనే ఉంది, నాకే వినపడట్లేదు అనుకునేవాణ్ణి."

మెరెయోనీ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"ఇది పెట్టుకున్నాక, వంటింట్లో ఎవరూ లేరని తెలిసిపోయిందమ్మా."