ఇత్తడి పలక మీద ఖాళీ

ఇత్తడి పలక వచ్చింది గానీ, దాని మీద ఒక పేరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

టర్కీలోని ఆంటెప్ బజారులో వక్కాస్ ఉస్తా బక్లావా మిఠాయి కొట్టుకు ఆ రోజుకు నూరేళ్లు. తాతకు ఈ పని నేర్పిన గురువు పేరు పలక మీద ఉండి తీరాలని వక్కాస్ పట్టుదల. తాతేమో గురువు పేరు నోటితో పలకడం తప్పని నమ్మినవాడు. చచ్చేదాకా, గురువుగారు అన్నట్టుగా, "మా ఉస్తా" అనే అన్నాడు. ఆ గురువు ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిన పిండి ఒత్తే కర్ర ఒక్కటే మిగిలింది. అది గోడ మీద గాజు పెట్టెలో ఉంటుంది.

పేరు కోసం వక్కాస్ అడగని మనిషి లేడు.

పొద్దున్నే బేరూత్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. గల్లా దగ్గర వక్కాస్ కూతురు నెస్రిన్‌కు కిలో కట్టమని చెప్పి, డబ్బా మీద పేరు రాయించుకుని, గాజు పెట్టె కింద నిలబడ్డాడు.

బక్లావా అంటే పాత తుర్కీ భాషలో పొర మీద పొర పేర్చడమని వక్కాస్ బేరాలకు వచ్చినవాళ్లకు గొప్పగా చెబుతున్నాడు.

"చుట్టి మూటకట్టడమనేవాడు మా తాత" అన్నాడు ముసలాయన.

"మీ తాత బక్లావా చేశాడా, మూటలు మోశాడా?"

కొట్టంతా నవ్వింది.

"రెండూ చేశాడు నాయనా."

తర్వాత ఆ కర్ర ఒక్కసారి పట్టుకుంటానని అడిగాడు. ఎడమ కొసన బొటనవేలు ఆనే గుంట ఉండాలట.

వక్కాస్‌కు ఒళ్లు మండింది.

"మా నాన్న మూసిన పెట్టె అది. నేనే ముట్టుకోలేదు, దారినపోయేవాళ్లకు ఇస్తానా?"

"మంచిది. భద్రంగా చూసుకుంటున్నారు" అని ముసలాయన తృప్తిగా గోడ వైపు చూసి, మధ్యాహ్నం విమానాశ్రయం బస్సు అందుకోవాలంటూ, డబ్బా మాట మరిచి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పలకను ఆ గాజు పెట్టెలోనే బిగించడానికి పెట్టె దించి తెరవవలసి వచ్చింది. కర్ర చేతిలోకి తీసుకోగానే వక్కాస్ బొటనవేలు ఎడమ కొసన ఒక గుంటలో సరిగ్గా కూర్చుంది.

పరుగున వెళ్లాడు. విమానాశ్రయం బస్సు అప్పటికే వెళ్లిపోయింది. తిరిగొచ్చి సిగ్గుతో కూలబడ్డాడు.

"పేరైనా అడగలేదు తల్లీ."

"నేనడిగాను నాన్నా. తాత పేరే తనకూ పెట్టారని గర్వంగా చెప్పాడు" అంటూ నెస్రిన్ డబ్బా ఇటు తిప్పింది.

సాయంత్రానికి ఆ ఖాళీలో 'తోరోస్ ఉస్తా' అని చెక్కించాడు వక్కాస్. వచ్చినవాళ్లందరికీ తలెత్తుకుని చూపించాడు గానీ, తాతకు మనవడు కనుక, ఆ పేరు నోటితో మాత్రం పలకలేదు.