సింహాచలం డ్రైవరు తాలూకు

“అచ్ఛా, నువ్వు సింహాచలం డ్రైవరు తాలూకటగదా! ఆయనకి ఏటవుతావు బాబూ?”

పళ్ళ డాక్టరు కుర్చీలో ఇంకా సరిగ్గా వాలకుండానే అడిగాడు బంగార్రాజు. డాక్టరు రవిచంద్ర గబగబా పళ్ళు చూసే చిన్న అద్దం అందుకున్నాడు.

“మనవణ్ణండీ... చెల్లెలి వైపు,” అని గొణిగి, “నోరు పెద్దగా తెరవండి,” అంటూ అద్దం లోపల పెట్టేశాడు. పళ్ళ వైద్యంలో ఉన్న సుఖం అదొక్కటే. అవతలివాడు ప్రశ్నలు అడగలేడు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కనున్న తోర్వా పేటలో క్లినిక్ తెరిచిన కొత్తలో, వరంగల్ నుంచి తెచ్చుకున్న బంగారు పతకాన్ని గోడకి తగిలించాడు రవిచంద్ర. అద్దాల బోర్డు పెట్టాడు, ఫోన్లో వీడియోలు వదిలాడు, స్నేహితుల చేత ఐదేసి స్టార్ల రేటింగులు ఇప్పించుకున్నాడు. ఈగలు తోలుకోవడం తప్ప పని లేదు. అక్కడి పాత రైల్వే తెలుగువాళ్ళు డాక్టరు ఏం చదివాడని అడగరు, ఎవరి తాలూకని అడుగుతారు. ఎవరి తాలూకూ కానివాడికి పన్ను కాదు కదా, చిటికెన వేలి గోరు కూడా చూపించరు. ఇక సామాను సర్దుకుందామనుకుంటున్న వేళ, మేడమీద ఉండే ఇంటి యజమానురాలు అచ్చియమ్మకి జాలేసింది. “నానొక మాట చెప్తాను, నువ్వు కాదనకు చాలు,” అంది. రైల్వేవాళ్ళంతా గొప్పగా చెప్పుకునే పాతకాలపు రైలు డ్రైవరు సింహాచలం చెల్లెలి మనవడొచ్చాడన్న కబురు కాలనీలో పాకింది. ఆ తర్వాత బయట బెంచీ చాల్లేదు.

వచ్చినవాళ్ళందరూ ఆ డ్రైవర్ని తలుచుకునేవారు. తాడిచెట్టంత మనిషి అనేవాడు ఎర్రయ్య. పొట్టివాడేగానీ గట్టివాడు అనేది అప్పయమ్మ. వయసు మీద పడ్డాక జ్ఞాపకాలు అంతేలే అనుకునేవాడు రవిచంద్ర.

బంగార్రాజు సంగతి వేరు. ఆవిరి ఇంజన్ల కాలంలో సింహాచలం పక్కన నిలబడి బొగ్గు వేసిన ఫైర్‌మన్ని నేనేనని చెప్పుకునే మనిషి. ఆయన కాదంటే కాలనీ అంతా కాదన్నట్టే. అబద్ధం బయటపడితే క్లినిక్కి తాళం, తన మొహానికి మసి.

నొప్పన్న పన్నులో తప్పేమీ కనిపించలేదు. అడిగితే మళ్ళీ మాటల్లో పడాల్సి వస్తుందని, ఊరికే గార తీయడం మొదలుపెట్టాడు. అయినా పుక్కిలించడానికి లేచినప్పుడల్లా పెద్దాయన అందుకునేవాడు.

“బొగ్గు పార మీద చిలగడదుంపలు పెట్టి ఇంజన్ మంటలో కాల్చీవోడు. సగం ఇరిచి ముందు నాకే ఇచ్చీవోడు. ఆ రోజుల్లో డ్రైవరంటే దొర బాబూ. ఫైర్‌మన్‌కి ఎవుడు పెడతాడు?”

వాలాడు. మళ్ళీ లేచాడు.

“గతౌరా స్టేషను దాటగానే ఆయన కూత వేరే. ఆ కూత వినీసి క్వార్టర్లలో ఆడోళ్ళు ఎసరు పెట్టీవోరు. ఇప్పుడేటుంది? బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటారు.”

ముడతలు పడిన వేళ్ళు లేని దుంపని గాలిలో విరిచి చూపించాయి. ఆ వేళ్ళని చూస్తుంటే రవిచంద్రకి తనది కాని తాత మీద బెంగ పుట్టుకొచ్చింది. అంత మంచి మనిషి పేరుని అద్దెకి తెచ్చుకుని బతుకుతున్నందుకు సిగ్గేసింది.

పని అయ్యాక బంగార్రాజు అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

“పోలిక ఎక్కడుందా అని ఎతుకుతున్నాను. మీ ఇంట్లో ఆయన ఫొటో ఏదైనా ఉందేటి?”

దొరికిపోయానని అర్థమైంది రవిచంద్రకి. చేతిలోని సాధనం పక్కన పెట్టేశాడు.

“తాతగారూ, నన్ను క్షమించండి. నేను ఆయన తాలూకు కాను. ఆయనెవరో కూడా నాకు తెలియదు. బోణీ లేక అబద్ధానికి తలూపాను. అచ్చియమ్మగారిని ఏమీ అనకండి. రేపే బోర్డు దించేస్తాను.”

బంగార్రాజు మెల్లగా కుర్చీ దిగి, బెంచీ మీదివాళ్ళకి వినబడకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఆ ముఖంలో కోపం లేదు. బండి తప్పిపోయినవాడి ముఖంలా ఉంది.

“బోర్డు దించకు. నీ చెయ్యి మంచిది, అది చాలు,” అన్నాడు గొంతు తగ్గించి. “నాను ఊరు కాణ్ణుంచి వొచ్చి ఇంజన్ల షెడ్డు గేటు కాడ పనికోసం నిలబడితే, నన్నూ అడిగేరు ఎవల తాలూకని. ఎవరో చెవిలో ఊదిన పేరు పట్టుకుని, సింహాచలం డ్రైవరు తాలూకని అనీసినాను. ఎర్రయ్యా అలగే దూరినాడు. అప్పయమ్మ మొగుడూ అలగే.”

“మరి ఆ చిలగడదుంపలు?”

“కాల్చింది నానే. డ్రైవరైనాక నా ఫైర్‌మన్‌కి సగం ఇరిచి పెట్టిందీ నానే. ఆయన తాలూకని చెప్పుకున్నాక ఆ పేరు నిలబెట్టాలి గదా.”

రవిచంద్ర ఆయన దగ్గరికి జరిగాడు.

“అయితే ఆయన్ని చూసినవాళ్ళు...?”

“కాలనీలో ఒక్కడూ లేడు,” అంటూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు బంగార్రాజు. “సొంత మనవడొచ్చినాడంటే, లేని పంటినొప్పి చెప్పుకుని పరిగెత్తుకొచ్చినాను బాబూ... ఇన్నాళ్ళకి, ఆ మనిషి నిజంగానే ఉండీవోడన్నమాట అనుకుని!”