వేపతోపులో లెక్క

"ఆగు బషీరూ. టాంగ ఇటు తేకు" అంటూ సాలమ్మ రెండు చేతులూ చాపి దారికి అడ్డంగా నిలబడింది.

బషీర్ కళ్లెం లాగాడు. స్టేషన్‌లో ఎక్కిన ఇద్దరు ప్రయాణికులు ముందుకు తూలారు.

"ఏమైంది సాలమ్మక్కా? గుర్రం దూప మీదున్నది. తొట్టి కాడ నీళ్లు తాగనియ్యి."

"తోపుల ఎవడో కూసోని రాస్తుండు. బస్సు పోతే ఒక గీత, సైకిల్ పోతే ఒక గీత. పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఒక్క టాంగ గూడ ఇంక వాని కంట్ల పడలే."

"గీతలు గీస్తే నాకేమైతది?"

"టాంగల్ని రోడ్డు మీదికెల్లి తీసేస్తరు. బస్సులకు గుర్రాలు అడ్డమొస్తున్నయని నిన్న చాయ్ దుకాణంల అనుకుంటుంటె విన్న. ముందుగాల రాసుకుంటరు, ఎన్కసీరి ఒక్కొక్కల్ని పిలిచి ఆపుతరు. వాని కంట్ల పడకు."

పాలమూరు స్టేషన్ రోడ్డు మీద టాంగాల అడ్డా ఆ వేపతోపే. ఇరవై చెట్ల నీడ, గుర్రాలకు రాతి తొట్టి, తొట్టి పక్కన సాలమ్మ గడ్డి మోపులు. బషీర్ ఒక్కడే రోజుకు పదిసార్లు అక్కడికి వచ్చిపోతాడు. ఆ టాంగాలు ఆగిపోతే సాలమ్మ పొయ్యి కూడా ఆరిపోతుంది.

బషీర్ వెనక్కి తిరిగి, "జర దిగుండ్రి సాబ్. గీ సందుల నుంచి నడిస్తే బజారు దగ్గరే" అన్నాడు.

"సగం తొవ్వల దింపుతవా? రేపు టాంగను గూడ మమ్మల్నే గుంజుమంటవ్" అని గొణుగుతూ దిగాడు ఒకాయన.

గంటలోపే సాలమ్మ మాట ఊళ్లో టాంగాలన్నింటికీ చేరింది. అన్నీ గోదాముల వెనక సందులోకి మళ్లాయి. ఆమె నాలుగు మోపులు అక్కడికే మోసుకెళ్లి అమ్మింది. మళ్లీ తోపులోకి వచ్చి, రాసేవాడికి ఎదురుగా కూర్చుంది. వాడిని ఒంటరిగా వదిలితే ఏం రాస్తాడో అని ఆమె భయం.

అతని పేరు రఘుపతి. హైదరాబాదు ఆఫీసు పంపిన మనిషి. రెండో రోజు అతనే మాట కలిపాడు.

"అవ్వా, గీ గడ్డి ఎవరు కొంటరు?"

"బర్లోళ్లు."

"టాంగలోళ్లు కొనరా?"

సాలమ్మ చేతిలో కొడవలి ఆగింది. "టాంగలెక్కడియి సారూ?"

"మరి గంత పెద్ద తొట్టి?"

"మేకలు తాగుతయి."

"గా గుర్రపు లద్దె?"

"ఎన్నడిదో. ఎండిపోయింది సూడు."

రఘుపతి లేచి వెళ్లి, పుల్లతో దాన్ని కదిపి చూశాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం సందులో బషీర్‌తో చెప్పింది. "వాడు రేపటిదాంక ఉంటడంట. ఉత్తోడు కాదు. లద్దె గూడ పొడిచి చూస్తుండు. సైకిళ్ల సంగతి అడగడు, బస్సుల సంగతి అడగడు. టాంగలు, టాంగలు, అదే జపం."

"రేపొక్క రోజే గదక్కా. ఎట్లనో దాటిద్దాం" అన్నాడు బషీర్. "నేను తప్పుకున్నగని నా గుర్రానికి సమజైతలేదు. తోపు దిక్కే మెడ గుంజుతున్నది."

మూడో రోజు రఘుపతి కూర్చోలేకపోయాడు. మాటిమాటికీ లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోడ్డు రెండు వైపులా చూశాడు. సందులోంచి గజ్జెల చప్పుడు సన్నగా వినపడింది. అతను చెవి రిక్కించాడు.

"ఏం చప్పుడవ్వా అది?"

"మేక మెడల గంట" అని సాలమ్మ గట్టిగా దగ్గింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా దగ్గుతూనే ఉంది.

పొద్దు వాలింది. రఘుపతి ఒక కాగితం తీశాడు.

"నిత్తెం ఈడ ఉండేదానివి నువ్వే. ఒక్క మాట నిజం చెప్పవ్వా. గీ తోపుకు టాంగలు వస్తయా, రావా?"

"రావు సారూ. ఎన్నేండ్లాయెనో వచ్చి."

"మంచిగ యాది చేసుకో."

"యాది చేసుకునుడేంది? నాకు కండ్లు కనవడ్తలేవా?"

"నువ్వు చెప్పిందే రాసిన. వేలిముద్ర పెడ్తవా?"

సాలమ్మ బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. అతను దాన్ని కవరులో పెట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆమెకు మూడు రోజుల తర్వాత ఊపిరి తిరిగింది. కుండలోంచి నీళ్లు ముంచి అతనికి ప్రేమగా ఇచ్చింది.

"తాగు బిడ్డా. ఎండల మస్తు కష్టపడ్డవ్."

రఘుపతి నీళ్లు తాగి చెంబు తిరిగిచ్చాడు. "నువ్వు గూడ వేరే జాగా చూసుకో అవ్వా. గీ చెట్లన్ని కొట్టి బస్సుల షెడ్డు కడతరు."

సాలమ్మకు అర్థం కాలేదు. "టాంగల్ని ఆపనీకె గద నువ్వు వచ్చింది?"

"ఆపనీకా? ఇయ్యాల్టిదాంక ఎవ్వలకు చెప్పొద్దన్నరు గని, ఇగ చెప్పినా ఫికర్ లేదు" అంటూ రఘుపతి కవరు సంచిలో పెట్టుకున్నాడు. "మూడు రోజుల్ల అరవై టాంగలు కనవడితే చాలు, గీ తోపుల ఒక్క కొమ్మ గూడ ముట్టొద్దని హుకుం ఉండె."