గుమ్మడికాయ వేలం

గుమ్మడికాయ తెచ్చిందీ ఆ ముసలాయనే, పాట మొదలెట్టిందీ ఆయనే.

“నూరు” అన్నాడు.

లక్ష్మీపూర్ చర్చి వాకిట్లో జనం గొల్లుమన్నారు. హేమమాలినికి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుట్నుంచీ ఆమెకి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

ఆమె పాత కట్టడాలు బాగుచేయించే ఇంజినీరు. గుణుపురం దగ్గర రైతుబిడ్డ. ఈ చర్చితో చుట్టరికమేమీ లేదు గానీ, ఎప్పుడో దొరలనాడు కట్టిన ఆ రాతిగోడలు చూసిన రోజే మనసు పారేసుకుంది. భువనేశ్వర్‌లో కనబడిన వాళ్ళందరి కాళ్ళావేళ్ళా పడి మరమ్మతుకి నిధి ఒప్పించింది.

మెలికల్లా ఒక్కటే. ఊరివాళ్ళ వాటా రేపటికల్లా బ్యాంకులో చూపించాలి. లేదంటే ఫైలు అటకెక్కినట్టే.

నిరుడు పని సగంలో ఆగిన కప్పు మీద టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంటోంది. బంగాళాఖాతంలో వాయుగుండమట. గట్టి వాన ఒక్కటి పడితే తూర్పుగోడ నిలవదు.

కోతల పండగకి ఇక్కడ అందరూ పంటలో తొలిభాగం తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటినే వాకిట్లో వేలం వేస్తారు. పాస్టరు బిజయ్ పక్కూళ్ళో ఆరాధనకి వెళ్తూ ఈసారి వేలం ఆమెకి అప్పజెప్పాడు.

“మీరు బయటివారు మేడమ్. మీ ముందు తక్కువ పాడ్డానికి సిగ్గుపడతారు.”

ఎవరూ సిగ్గుపడలేదు. కోడిపుంజు, కందులు, అరటిగెల అన్నీ చవగ్గానే పోయాయి.

“ఉన్నదంతా నిరుడే ఊడ్చి ఇచ్చేశారు” అని పక్కనున్న సంఘం పెద్ద బుల్లమ్మతో గొణిగింది హేమమాలిని. “కూలీ కుర్రాడు కప్పు మీంచి పడి చనిపోతే, ఆ ఇంటికి కాంట్రాక్టరు కదా ఇచ్చుకోవాలి?”

“ఆడు పత్తా లేకుండా పోయేడమ్మీ. మన కప్పు మీద పని సేస్తూ పోయేడు పిల్లోడు. మనం ఇవ్వకపోతే ఎవులిస్తారు? నా నేతగుడ్డలో మూటగట్టిస్తే పాస్టరుగారే ఆళ్ళూరెల్లి ఇచ్చొచ్చేరు.”

“బాగానే ఉంది. ఇప్పుడు కప్పుకి లేదు.”

బుల్లమ్మ గుమ్మడికాయని ఎత్తి జనానికి చూపించింది.

“రెండొందలు” అన్నాడు కాఫీ తోటల ఢిల్లీశ్వరరావు, సరదాకి.

“ఐదొందలు” అన్నాడు ముసలాయన.

“నీ కాయ నువ్వే తిను తాతా.” ఢిల్లీశ్వరరావు తప్పుకున్నాడు.

“వెయ్యి” అన్నాడు ముసలాయన.

“ఎదర ఎవరూ లేరు తాతా, నీ మీద నువ్వే పాడుతున్నావు” అంది హేమమాలిని.

“పాడకూడదా అమ్మా?”

“పోటీ ఉంటే కదా పాడాలి?”

“అయితే లక్ష” అన్నాడు.

ఈసారి పిల్లలు ఈలలు వేశారు. కొందరు ఇక చాల్లే అన్నట్టు దుప్పట్లు దులుపుకుని లేస్తున్నారు. ఇంకా బియ్యం బస్తాలు పాడాల్సే ఉంది. హేమమాలినికి ఒళ్ళు మండిపోయింది. ఈయన తాగొచ్చాడు, వేలాన్ని నవ్వులాట చేస్తున్నాడు అనుకుంది.

“డబ్బుందా? తీసి చూపించు.”

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. బుల్లమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“అలాగడక్కూడదమ్మీ. పండగ ఏలంలో మేం ఎవుల పాటనీ కాదనం. డబ్బుందా అని అడగం. అది దేవుడికీ పాడినోడికీ మద్దిన ఇసయం.”

“రేపు భువనేశ్వర్‌కి నేనేం చూపించను? మీ మర్యాదా?”

ముసలాయన చెయ్యి చంకసంచిలోకి వెళ్ళింది. ఎర్రంచు గుడ్డ కొస బయటికొచ్చింది. ఆయన బుల్లమ్మ వైపు చూసి, దాన్ని గబుక్కున లోపలికి తోసేశాడు.

“అందరూ వెళ్ళేక నీకొక్కర్తికే ఇస్తానమ్మా. నా పేరు రాయకూడదు. రసీదు వద్దు.”

“పేరూ ఊరూ లేని డబ్బు నేను ముట్టుకోను” అంది హేమమాలిని. “ఈ పాట చెల్లదు. గుమ్మడికాయ ఢిల్లీశ్వరరావు గారికి, రెండొందలు.”

ఆయన వాదించలేదు. రెండు చేతులూ జోడించాడు.

“మంచి జాతి కాయమ్మా. గింజలు దాచుకోమను” అని రోడ్డు వైపు నడిచాడు.

మిగతా వేలం అయిందనిపించేసరికి ఆకాశం నల్లబడింది. వాటాలో సగం కూడా రాలేదు. హేమమాలిని మెట్ల మీద కూలబడింది. అప్పుడే బిజయ్ బండి వచ్చి ఆగింది.

“మేడమ్, బస్టాండులో నాకు తెలిసిన పెద్దాయన ఒకరు బస్సెక్కుతున్నాడు. పాట చెల్లలేదన్నాడు. ఏం జరిగింది?”

“గుమ్మడికాయకి లక్ష పాడాడండీ, తన కాయకి తనే. రసీదు వద్దు, పేరు వద్దంటే నేనెలా పుచ్చుకోను?”

“పేరు రాస్తే ఆయనెవరో తెలిసి మేం పుచ్చుకోం కదా మేడమ్.”

బుల్లమ్మ ముందుకొచ్చింది.

“అమ్మీ, ఆ సంచిలోది కొట్పాడ్ నేతగుడ్డేనా? ఎర్రంచుది?”

“అవును. ఏం?”

బుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోయింది. తూర్పుగోడ మీద తొలి చినుకులు పడుతున్నాయి. హేమమాలిని మెట్ల మీంచి లేచింది.

“ఎవరాయన?”

బిజయ్ ఒకసారి కప్పు వైపు చూశాడు.

“నిరుడు ఇంటికెళ్ళి నేను చేతిలో పెట్టొచ్చిన డబ్బే మేడమ్ అది, ఈ కప్పు పూర్తవకపోతే బిడ్డ ఊరికే పోయినట్టేనని ఎన్నిసార్లు తిరిగి తెచ్చినా నేను పుచ్చుకోలేదు, వేలంలో అయితే ఎవరూ కాదనరని ఇవాళ వచ్చాడు, కప్పు మీంచి పడి పోయిన ఆ కుర్రాడి నాన్న.”